కేథరిన్ బ్లాడ్జెట్: నీళ్లలో ముంచి తీసి గాజుకు పొరలేసిన సైంటిస్ట్.. ఆ పని ఓఎల్‌ఈడీ దాకా ఎలా వచ్చింది?

మీ చేతిలో ఉన్న ఫోన్‌ది ఓఎల్‌ఈడీ స్క్రీనా? అయితే అందులో వెలుగునిచ్చే సేంద్రియ పదార్థాల పొరలన్నీ కలిపినా మందం కొన్ని వందల నానోమీటర్లకు మించదు. తల వెంట్రుకను నిలువునా కొన్ని వందల పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక్క పొరంత అన్నమాట.

అంత పల్చటి పొరను ఎగుడుదిగుడు లేకుండా, చిల్లు పడకుండా గాజు మీద వేయడం ఎలా? డిస్‌ప్లే పరిశ్రమలో ఏళ్ల తరబడి తెగని పంచాయితీ ఇది. ఒక దారి ఏంటంటే.. గాలి మొత్తం తీసేసిన చాంబర్‌లో పదార్థాన్ని వేడిచేసి, ఆవిరిగా గాజు మీదకు పంపడం. ఇంకో దారి.. ద్రావణంలో కరిగించి పూయడం, గిర్రున తిప్పి పరచడం, లేదంటే ఇంకు లాగా ప్రింట్ చేయడం. మొదటిదాన్ని పొడి పద్ధతి అనుకుంటే రెండోది తడి పద్ధతి.

ఈ తడి పద్ధతిలో అణువుల లెక్కన పొరలు పేర్చొచ్చని దాదాపు 90 ఏళ్ల కిందటే చేసి చూపించిన మహిళ కేథరిన్ బర్ బ్లాడ్జెట్. ఒక ట్రే నిండా నీళ్లు, ఒక చుక్క కొవ్వు ఆమ్లం, మైనం పట్టించిన పట్టు దారం, కాస్త ఆముదం, ఒక గాజు ముక్క.. చూడ్డానికి ఆమె సరంజామా ఇంతే. 1938 డిసెంబర్‌లో ఆమె చేసిన కనిపించని గాజు గురించి అమెరికా పత్రికలన్నీ రాశాయి. రెండంటే రెండు రోజుల్లో వ్యాక్యూమ్ పద్ధతి వాళ్లు అదే పని తామూ చేశామని ముందుకొచ్చారు. చివరికి లెన్సుల మార్కెట్ వాళ్లకే పోయింది.

మరి ఆమె పని ఏమైంది? ఈ కథలో అసలు మలుపు అక్కడే ఉంది.

పుట్టకముందే తండ్రి హత్య

కేథరిన్ పుట్టింది 1898 జనవరి 10న, అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం స్కెనెక్టడీ పట్టణంలో. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ, అంటే జీఈ ఊరది. తండ్రి జార్జ్ బ్లాడ్జెట్ అదే కంపెనీలో పేటెంట్ల విభాగానికి పెద్ద లాయర్. కూతురు పుట్టడానికి కొన్ని వారాల ముందు, 1897 డిసెంబర్‌లో, ఇంట్లోకి చొరబడ్డ దొంగ ఆయన్ను కాల్చి చంపేశాడు. హంతకుణ్ని పట్టిచ్చిన వాళ్లకు 5 వేల డాలర్లు ఇస్తామని జీఈ ప్రకటించింది. అనుమానితుడు దొరికాడు కానీ, జైల్లోనే ఉరేసుకున్నాడు. కేసు అక్కడితో సరి.

నిండు గర్భిణి అయిన తల్లి, చిన్న పిల్లాడైన అన్న. అప్పటి రోజుల్లో ఇలాంటి కుటుంబం కుదేలైపోవాలి. కానీ బ్లాడ్జెట్ కుటుంబానికి డబ్బు ఇబ్బంది రాలేదు. తల్లి పిల్లల్ని తీసుకుని న్యూయార్క్ సిటీకి మారింది. 1901లో ఫ్రాన్స్ వెళ్లారు. పిల్లలకు భాషలు రావాలి, లోకం తెలియాలి అన్నది ఆ తల్లి పట్టుదల. కొన్నేళ్లకు మళ్లీ న్యూయార్క్ తిరిగొచ్చారు.

చదువులో కేథరిన్ ఎంత చురుకంటే, 15 ఏళ్లకే స్కాలర్‌షిప్ తెచ్చుకుని బ్రిన్ మార్ కాలేజీలో చేరింది. అది ఆడపిల్లల కాలేజీ. అక్కడ లెక్కలు చెప్పిన షార్లెట్ ఆంగస్ స్కాట్, ఫిజిక్స్ చెప్పిన జేమ్స్ బార్న్స్ ఆమెను సైన్స్ వైపు లాగారు. 1917లో డిగ్రీ అయిపోయింది.

డిగ్రీ చివరి ఏడాది క్రిస్మస్ సెలవుల్లో ఆమె స్కెనెక్టడీ వెళ్లింది. తండ్రి పనిచేసిన కంపెనీని చూద్దామని. నాన్న పాత స్నేహితులు ఆమెను రీసెర్చ్ ల్యాబ్‌కు తీసుకెళ్లి, ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అనే కెమిస్ట్‌కు పరిచయం చేశారు. అప్పటికి ఆయనకింకా నోబెల్ రాలేదు కానీ ల్యాబ్‌లో పేరున్న మనిషి. ల్యాబ్‌లో పనిచేయాలని ఉంటే ఇంకా పై చదువు చదివి రమ్మని ఆయన సలహా ఇచ్చాడు. ఎవరో పెద్దాయన మర్యాదకు అన్న మాటగా ఆమె దాన్ని వదిలేయలేదు. నేరుగా షికాగో యూనివర్సిటీకి వెళ్లింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. సైనికుల గ్యాస్ మాస్కుల్లో బొగ్గు విషవాయువుల్ని ఎలా పీల్చుకుంటుందో పరిశోధించి 1918లో మాస్టర్స్ పూర్తి చేసింది. అదే ఏడాది జీఈలో చేరింది. ఆ రీసెర్చ్ ల్యాబ్‌లో ఉద్యోగం పొందిన మొదటి మహిళా సైంటిస్ట్ ఆమే. వయసు 20.

యుద్ధం వల్ల మగవాళ్లు సైన్యంలోకి వెళ్లడం, తండ్రికి కంపెనీలో ఉన్న మంచి పేరు.. ఈ రెండూ ఆమెకు కలిసొచ్చాయి, కాదనలేం. అయితే తలుపు దాకా తీసుకెళ్లేది పరిచయమే అయినా, 45 ఏళ్లు అదే ల్యాబ్‌లో నిలబెట్టేది అది కాదు కదా.

కేంబ్రిడ్జ్‌లో మొదటి మహిళ

మొదట్లో ఆమె పని లాంగ్‌మ్యూర్‌కు సాయం చేయడం. బల్బుల్లోని టంగ్‌స్టన్ ఫిలమెంట్లు, వ్యాక్యూమ్ ట్యూబుల్లో కరెంట్ ఎలా పారుతుందన్న లెక్కలు. ఇద్దరి పేర్లతో 1923, 1924లో వచ్చిన పేపర్లను ఎలక్ట్రాన్ గన్‌ల మీద పనిచేసేవాళ్లు ఆ తర్వాత చాలా కాలం వాడుకున్నారు.

ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ లేకపోతే ల్యాబ్‌లో ఎప్పటికీ అసిస్టెంట్‌గానే మిగిలిపోతానన్న సంగతి ఆమెకు తెలుసు. లాంగ్‌మ్యూర్ మాట సాయంతో 1924లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కు వెళ్లింది. అక్కడి కావెండిష్ ల్యాబ్ అంటే అప్పట్లో ఫిజిక్స్‌కు రాజధాని లాంటిది. డైరెక్టర్ ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్. పాదరసం ఆవిరిలో ఎలక్ట్రాన్ల ప్రవర్తన మీద పరిశోధన చేసి 1926లో డాక్టరేట్ అందుకుంది. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ నుంచి ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ పొందిన మొదటి మహిళ ఆమే.

ఈ కావెండిష్ ల్యాబ్ పేరు గుర్తుపెట్టుకోండి. ఓఎల్‌ఈడీ కథ మళ్లీ ఇక్కడికే వస్తుంది.

నీళ్లు, ఆముదం, పట్టు దారం

వాన వెలిశాక రోడ్డు మీద నిలిచిన నీళ్లలో పెట్రోల్ చుక్క పడితే రంగులు పరుచుకోవడం అందరం చూసిందే. నూనె నీళ్ల మీద ఎంత పల్చగా పరుచుకుంటుంది? ఈ ప్రశ్న వెంట పడ్డవాళ్లలో జర్మనీకి చెందిన ఆగ్నెస్ పోకెల్స్ ఒకరు. ఆడపిల్ల కావడంతో యూనివర్సిటీకి వెళ్లే దారి లేక, ఇంటి పని చేసుకుంటూనే వంటింట్లో నీళ్ల తొట్టి పెట్టుకుని ప్రయోగాలు చేసింది. ఆమె రాసిన ఉత్తరాన్ని లార్డ్ రేలీ 1891లో నేచర్ పత్రికలో అచ్చు వేయించాడు. నీటి పైపొరను ఒక అడ్డుపట్టీతో జరుపుతూ కొలవడం ఆమె దగ్గర నుంచి వచ్చిన పద్ధతే.

దాన్ని లాంగ్‌మ్యూర్ ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. స్టియరిక్ ఆమ్లం లాంటి కొవ్వు ఆమ్లాల అణువుకు ఒక తల, ఒక పొడవాటి తోక ఉంటాయి. తలకు నీళ్లంటే ఇష్టం, తోకకు పడదు. అందుకే నీళ్ల మీద పడగానే అణువులు తల కిందకు, తోక పైకి పెట్టి, జాతరలో జనం నిలబడ్డట్టు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. పొర మందం సరిగ్గా ఒక్క అణువు ఎత్తు. 1917లోనే ఆయన దీన్ని రుజువు చేశాడు. 1932లో వచ్చిన కెమిస్ట్రీ నోబెల్ కూడా ఉపరితలాల మీద చేసిన పనికే.

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ పొరతో ఏం చేసుకోవాలి? నీళ్ల మీద తేలుతున్నంత సేపూ అది కంటికి కనపడదు, చేతికి చిక్కదు. దాన్ని నీళ్ల మీద నుంచి గాజు మీదకు ఎక్కించడం, ఎక్కించిన దాని మీద ఇంకోటి, దాని మీద మరోటి పేర్చడం.. ఇదీ బ్లాడ్జెట్ చేసిన పని. ఒక్క పొరను ఎత్తిన ప్రయోగాలు ఆమె 1920 ప్రాంతంలోనే చేసింది. పొర మీద పొర కట్టే పద్ధతి కుదిరింది మాత్రం 1930ల్లో. 1935లో అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో పూర్తి వివరాలతో పేపర్ వచ్చింది.

ఆ పని ఎలా సాగేదో కాస్త వివరంగా చూద్దాం. ఎందుకంటే వినడానికి తేలిగ్గా ఉన్నా, చేస్తే గానీ కష్టం తెలియని పని ఇది.

అంచులకు మైనం పూసిన ట్రేలో అంచుదాకా శుభ్రమైన నీళ్లు. అందులో కొద్దిగా బేరియం లేదా కాల్షియం ఉప్పు. స్టియరిక్ ఆమ్లాన్ని బెంజీన్‌లో కరిగించి ఒక చుక్క వేస్తే, బెంజీన్ ఆవిరైపోయి అణువుల పొర మిగులుతుంది. కానీ అణువులు చెల్లాచెదురుగా ఉంటే గాజుకు సరిగ్గా అంటవు. దగ్గరగా ఒరుసుకుని ఉండాలి. ఉంచేది ఎలా? అక్కడే ఆముదం అవసరం పడింది. నీళ్ల మీద అడ్డంగా మైనం పట్టించిన పట్టు దారం వదిలి, దానికి ఒకవైపు కొవ్వు ఆమ్లం పొర, రెండో వైపు ఒక చుక్క ఆముదం లాంటి నూనె వేసేది. నూనె పరుచుకోవాలని చూస్తూ దారాన్ని నెడుతూనే ఉంటుంది. ఆ నెట్టుడు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. మోటార్లు, స్ప్రింగులు ఏమీ అక్కర్లేదు. ఆముదం కంటే గట్టిగా నెట్టాలంటే ఒలియిక్ ఆమ్లం వాడేది.

ఇప్పుడు గాజు పలకను నిలువుగా, నెమ్మదిగా నీళ్లలోకి దించాలి. మళ్లీ నెమ్మదిగా పైకి తీయాలి. దిగేటప్పుడు ఒక పొర, ఎక్కేటప్పుడు ఒక పొర. పొర గాజు మీదకు పోయినంత మేర దారం ముందుకు జరుగుతుంది. అంటే దారం కదలికను చూస్తే పొర ఎక్కిందో లేదో తెలిసిపోతుంది. ఒక్కో పొర మందం దాదాపు 2.4 నానోమీటర్లు. ఎన్నిసార్లు ముంచారో లెక్కపెట్టుకుంటే చాలు, మందం ఎంతో కొలవకుండానే చెప్పేయొచ్చు.

ఈ మాటను ఇంకోసారి చదవండి. అణువుల స్థాయి మందాన్ని వేళ్ల మీద లెక్కపెట్టడం! అయితే నీళ్లలో ఉప్పు పాళ్లు తేడా వచ్చినా, వేలి జిడ్డు తగిలినా, దుమ్ము పడ్డా, చేయి వణికినా పొర చెడిపోతుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. ఆమె ఇలా వందల పొరలు పేర్చింది.

పొరలు పెరిగే కొద్దీ గాజు మీద రంగులు కనిపించేవి. సబ్బు బుడగ మీద కనిపించే రంగుల్లాంటివే. పొర పైభాగం నుంచి, అడుగు నుంచి తిరిగొచ్చే వెలుతురు ఒకదానితో ఒకటి కలవడం వల్ల వచ్చే రంగులవి. ఒక్కో మందానికి ఒక్కో రంగు. దీంతో ఆమె ఒక రంగుల స్కేలు తయారుచేసింది. మెట్లు మెట్లుగా పొరలు కట్టిన గాజు పట్టీ అది. ఏదైనా పల్చటి పొర రంగును దానితో పోల్చి చూస్తే మందం తెలిసిపోతుంది. అంగుళంలో పది లక్షల వంతు తేడాను కూడా కంటితో పట్టేయొచ్చు. జీఈ ఈ స్కేలును అమ్మింది కూడా.

44 పొరలు.. మాయమైన గాజు

మామూలు గాజు తన మీద పడ్డ వెలుతురులో ఒక్కో వైపు నుంచి 4 శాతం దాకా వెనక్కి కొడుతుంది. రెండు వైపులా కలిపి 8 శాతం. షాపు అద్దంలో లోపలి చీర బదులు మన మొహం కనపడేది అందుకే. కెమెరాలో అయితే ఇంకా ఇబ్బంది, ఎన్ని లెన్సులు పెడితే అన్నిసార్లు వెలుతురు నష్టం.

పొర పైనుంచి వచ్చే వెలుతురు, అడుగు నుంచి వచ్చే వెలుతురు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటే ప్రతిబింబమే ఉండదు. దానికి పొర మందం కాంతి తరంగం పొడవులో సరిగ్గా నాలుగో వంతు ఉండాలి. అలాంటి మందం కోసం ఆమె వేసిన పొరల సంఖ్య 44. దాంతో గాజు గుండా 99 శాతానికి పైగా వెలుతురు వెళ్లిపోయింది. 1938 డిసెంబర్‌లో జీఈ ఈ సంగతి ప్రకటించగానే పత్రికలు ఎగబడ్డాయి. కనిపించని గాజు అన్న పేరు పడిపోయింది.

ఇందులో ఇంకో చిక్కుముడి కూడా ఉంది. మందం ఒక్కటే సరిపోదు, పొర వెలుతురును వంచే తీరు గాలికీ గాజుకూ మధ్యలో ఉండాలి. కొవ్వు పొరది దాదాపు గాజుతో సమానం. ఆమె ఏం చేసిందంటే.. కొవ్వు ఆమ్లం, దాని లోహపు ఉప్పు కలిసి ఉండేలా పొరలు కట్టి, తర్వాత ద్రావణిలో నానబెట్టింది. ఆమ్లం కరిగి బయటికి వచ్చేసింది. ఉప్పు మాత్రం అస్థిపంజరంలా అక్కడే నిలిచింది. మధ్యలో కంటికి కనపడని ఖాళీలు. పొర బరువు తగ్గింది, వెలుతురును వంచే గుణం కావాల్సినంతకు దిగింది. ఒకదాన్ని కరిగించి పక్కదాన్ని ముట్టుకోని ద్రావణి ఎంచుకోవడమే ఇందులో కిటుకు. 1939లో ఫిజికల్ రివ్యూలో ఆమె ఈ పని గురించి రాసింది.

సరే, మరి ఓడిపోయింది ఎక్కడ?

పొర గట్టిదనం దగ్గర. సబ్బులాంటి పదార్థం కదా, గుడ్డతో తుడిస్తే పోతుంది. జీఈ ప్రకటన వచ్చిన రెండు రోజులకే ఎంఐటీకి చెందిన కార్ట్‌రైట్, టర్నర్ తమ పద్ధతి బయటపెట్టారు. వాళ్లది వ్యాక్యూమ్‌లో ఫ్లోరైడ్ ఉప్పులను ఆవిరి చేసి గాజు మీద పేరబెట్టే పని. అది ఇంకాస్త గట్టిగా నిలిచింది. నిజం చెప్పాలంటే వ్యాక్యూమ్ దారిలో వాళ్లకంటే ముందున్నవాళ్లూ ఉన్నారు. జర్మనీలో జైస్ కంపెనీకి చెందిన స్మకులా 1935లోనే పేటెంట్ వేశాడు, కానీ దాన్ని గుట్టుగా ఉంచారు. కాలిఫోర్నియాలో జాన్ స్ట్రాంగ్ 1936లో ప్రచురించాడు. కాబట్టి ప్రతిబింబం లేని గాజును కనిపెట్టిన ఏకైక వ్యక్తి బ్లాడ్జెట్ అని రాస్తే తప్పవుతుంది. ఇప్పుడు కళ్లద్దాల షాపులో అదనంగా డబ్బు కట్టి వేయించుకునే యాంటీ గ్లేర్ కోటింగ్ వచ్చింది వ్యాక్యూమ్ దారి నుంచే.

ఆమెదంటూ ఎవరూ కాదనలేనిది వేరే ఉంది. అణువు అణువుగా, లెక్క ప్రకారం, తడి పద్ధతిలో పొరలు కట్టడం. దాని విలువ అప్పటికి ఎవరికీ పెద్దగా అర్థం కాలేదు. కనిపించని గాజు వార్త పాతబడగానే జనం మర్చిపోయారు.

యుద్ధం, పొగ, నల్లబడ్డ గాజు

రెండో ప్రపంచ యుద్ధంలో జీఈ ల్యాబ్ మొత్తం సైన్యం పనుల్లో పడింది. సైనికుల కదలికలు శత్రువుకు కనపడకుండా కమ్మేసే పొగ తెరలు, విమానం రెక్కల మీద మంచు పేరుకోకుండా చేయడం.. బ్లాడ్జెట్ ఈ రెండింటి మీదా పనిచేసింది. 1943లో అమెరికన్ మెన్ ఆఫ్ సైన్స్ అనే డైరెక్టరీ ఆమె పేరు పక్కన నక్షత్రం గుర్తు వేసింది. మేటి సైంటిస్టులకు వేసే గుర్తు అది. పుస్తకం పేరులో మాత్రం మగవాళ్లే ఉన్నారు!

యుద్ధం తర్వాత చేసిన ఇంకో పనిని చాలామంది పట్టించుకోరు. సీసం కలిసిన గాజును హైడ్రోజన్‌లో వేడిచేస్తే దాని పైపొర నల్లబడి, కొద్దిగా కరెంట్ పారనిస్తుంది. 1951లో ఆమె దీని మీద పేపర్ రాసింది. చీకట్లో చూసే నైట్ విజన్ పరికరాల్లో ఉండే సన్నటి రంధ్రాల గాజు పలకల తయారీలో తర్వాత పనికొచ్చింది ఇలాంటి గాజే.

అదే 1951లో అమెరికన్ కెమికల్ సొసైటీ ఆమెకు గార్వన్ మెడల్ ఇచ్చింది. స్కెనెక్టడీ పట్టణం ఆ ఏడాది జూన్ 13ను కేథరిన్ బ్లాడ్జెట్ డేగా జరుపుకుంది. ఆమె పేరు మీద మొత్తం 8 అమెరికా పేటెంట్లు ఉన్నాయి. వాటిలో రెండు తప్ప మిగతావన్నీ ఆమె ఒక్కదానివే. నోబెల్ గ్రహీతకు సహాయకురాలు అంటూ ఒక్క లైన్లో తేల్చేసే వాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకుంటే మంచిది.

ఆమె పెళ్లి చేసుకోలేదు. స్కెనెక్టడీలో సొంతిల్లు, తోటపని, ఊళ్లో ఔత్సాహిక నాటకాల్లో వేషాలు, సరదా పద్యాలు. అన్న కుటుంబం దగ్గరికి వెళ్లేటప్పుడు సూట్‌కేసుల నిండా ప్రయోగాల సామాను తీసుకెళ్లేది. నీళ్ల మీద తేలే నూనె పొరలో గాజు కడ్డీలు ముంచి, రంగులు ఎలా వస్తాయో పిల్లలకు చూపించేది. అలా కళ్లింతలు చేసుకుని చూసిన మేనకోడలికి కూడా అత్త పేరే పెట్టారు. ఆ అమ్మాయే కేథరిన్ బ్లాడ్జెట్ గెబ్బీ. పెద్దయ్యాక ఖగోళ భౌతిక శాస్త్రవేత్త అయింది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీలో ఫిజిక్స్ విభాగాన్ని నడిపింది. ఆమె హయాంలో ఆ సంస్థ సైంటిస్టులు నలుగురికి నోబెల్ వచ్చింది.

లాంగ్‌మ్యూర్ 1957లో చనిపోయాడు. బ్లాడ్జెట్ 1963లో రిటైర్ అయింది. 1979 అక్టోబర్ 12న తన ఇంట్లోనే కన్నుమూసింది. వయసు 81.

ఆమె పోయిన ఏడాదే వెలిగిన పొర

సరిగ్గా ఆ 1979లోనే, బ్రిటన్‌కు చెందిన గారెత్ రాబర్ట్స్ బృందం ఒక పేపర్ ప్రచురించింది. ఆంత్రసీన్ అనే సేంద్రియ పదార్థానికి తోక తగిలించి, బ్లాడ్జెట్ పద్ధతిలోనే నీళ్ల మీద పరిచి, పొరలుగా ఎత్తి కరెంట్ ఇచ్చారు. పొర వెలిగింది. ఓఎల్‌ఈడీ అన్న మాట ఇంకా జనం నోళ్లలో లేని రోజులవి. ఆ వార్త ఆమె దాకా వెళ్లిందనడానికి ఆధారమేమీ కనపడదు.

ఆ తర్వాత ఈ రంగం ఊపందుకుంది. 1982లో ఇంగ్లండ్‌లోని డరమ్‌లో ఈ పొరల మీద మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. లాంగ్‌మ్యూర్-బ్లాడ్జెట్ ఫిల్మ్ అన్న పేరు, ఎల్‌బీ ఫిల్మ్ అని పొట్టిగా, ల్యాబుల్లో మామూలు మాటైపోయింది.

మరోపక్క 1987లో కొడాక్ కంపెనీలో టాంగ్, వాన్ స్లైక్ చిన్న అణువులతో తక్కువ వోల్టేజీకే వెలిగే ఓఎల్‌ఈడీ చేశారు. వాళ్లది వ్యాక్యూమ్ దారి. మూడేళ్లకు, 1990లో, తడి పద్ధతి నుంచి జవాబొచ్చింది. అది ఎక్కడి నుంచో తెలుసా? కేంబ్రిడ్జ్ కావెండిష్ ల్యాబ్ నుంచి! బ్లాడ్జెట్ డాక్టరేట్ తీసుకున్న అదే ల్యాబ్. అక్కడ బరోస్, బ్రాడ్లీ, ఫ్రెండ్ బృందం పీపీవీ అనే ప్లాస్టిక్ తయారయ్యే ముడి ద్రావణాన్ని గాజు మీద పోసి, గిర్రున తిప్పి, వేడిచేసి పల్చటి పొర చేసింది. కరెంట్ ఇస్తే పచ్చని పసుపు వెలుగు వచ్చింది. స్పిన్ కోటింగ్ అంటే ఇదే. చుక్క వేసి వేగంగా తిప్పితే ఎక్కువైన ద్రావణం అంచుల్నించి ఎగిరిపోతుంది, మిగిలింది సమంగా పరుచుకుంటుంది. క్షణాల్లో పని అయిపోతుంది. బ్లాడ్జెట్ పద్ధతిలో అదే మందానికి పదుల సార్లు ముంచాలి.

అందుకే ఫ్యాక్టరీలు ఎల్‌బీ పద్ధతిని తీసుకోలేదు. అయినా ఆ పద్ధతి చేయగలిగే పని ఒకటుంది. పొరలోని అణువులన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పి నిలబెట్టడం. 1996లో జర్మనీలో సిమ్రోవా, నీయర్, వెగ్నర్‌ల బృందం ఇలా ఎల్‌బీ పద్ధతిలో పేర్చిన పాలిమర్‌తో ఎల్‌ఈడీ చేసింది. దాన్నుంచి వచ్చిన వెలుగు ఒకే తలంలో కంపించే ధ్రువిత కాంతి. తిప్పి పరిచిన పొరలో ఆ క్రమం ఉండదు.

ఇప్పటికీ తెగని పోటీ

1938 డిసెంబర్‌లో రెండు రోజుల తేడాతో మొదలైన తడి, వ్యాక్యూమ్ పోటీ ఇప్పుడు స్క్రీన్ల దగ్గర నడుస్తోంది. వ్యాక్యూమ్‌లో పదార్థం శుద్ధిగా ఉంటుంది, ఎన్ని పొరలైనా ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు. కానీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల కోసం సన్నటి రంధ్రాల లోహపు జల్లెడ అడ్డుపెట్టాలి. ఖరీదైన పదార్థంలో చాలా భాగం ఆ జల్లెడకు, చాంబర్ గోడలకు అంటుకుని వృథా అవుతుంది. స్క్రీన్ పెద్దదయ్యే కొద్దీ జల్లెడ వంగిపోతుంది.

ప్రింటింగ్‌లో ఆ బెడద లేదు, కావాల్సిన చోటే చుక్క పడుతుంది. అయితే తడి పద్ధతికి దాని తలనొప్పి దానికుంది. మొదటి పొర మీద రెండో ద్రావణం పోస్తే కింది పొర కరిగిపోతుంది. అందుకే కింది పొరను ముట్టుకోని ద్రావణి వెతకాలి, లేదంటే కింది పొరను ముందే కరగకుండా గట్టిపరచాలి. పొరలోంచి కొవ్వు ఆమ్లాన్ని మాత్రమే కరిగించి ఉప్పును వదిలేసిన బ్లాడ్జెట్ చేసింది ఇదే ఎంపిక. ఆమెకు కరగడం కావాలి, వీళ్లకు కరగకూడదు, అంతే తేడా. ఇక చుక్క ఆరేటప్పుడు కాఫీ మరకలాగా అంచుల్లో గట్టిగా, మధ్యలో పల్చగా మిగిలిపోవడం ఇంకో సమస్య. నీలం రంగు పదార్థాల ఆయుష్షు మరో సమస్య.

ఇంక్‌జెట్ ప్రింటింగ్‌నే నమ్ముకున్న జపాన్ కంపెనీ జేఓఎల్‌ఈడీ 2023లో అప్పుల భారంతో కోర్టును ఆశ్రయించింది. చైనాకు చెందిన టీసీఎల్ గ్రూపు మాత్రం 2024లో ప్రింట్ చేసిన ఓఎల్‌ఈడీ మానిటర్ ప్యానెళ్ల తయారీ మొదలుపెట్టింది. బ్లాడ్జెట్ పేరు 2007లోనే అమెరికా నేషనల్ ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది, కనిపించని గాజు చేసినందుకు.

మీ ఫోన్ స్క్రీన్ మాత్రం ఇప్పటికి దాదాపు ఖాయంగా వ్యాక్యూమ్ చాంబర్ నుంచి వచ్చిందే.